మిమిక్రీకి చార్జిషీట్

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ నిండిన ఏడాది అది. ఇబ్రహీంపట్నం శివార్లలో, రైతుల బోరు మోటార్లను ఫోన్‌తో నడిపించే పరికరాలు తయారుచేసే కంపెనీలో నేను హెచ్‌ఆర్ ఆఫీసర్‌ని. నియామకాలు, సెలవులు, క్రమశిక్షణ నా పని.

కంపెనీ పెట్టిన ఎండీని అందరం పెద్ద సారు అనేవాళ్లం. ఆయన ఆ ఏడాది తప్పుకుంటారని తెలుసు. ఆ కుర్చీ సుజాత మేడందే అనుకున్నాం. ఆమె చీఫ్ ఇంజినీరు. మా మొట్టమొదటి పరికరం ఆమె చేతుల్లోనే తయారైంది. అంతలో సారు అల్లుడు రోజూ ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. అందరం మాలో మేమే గొణుక్కున్నాం.

వార్షికోత్సవం రోజు భోజనాలు ముగుస్తుండగా అందరూ కలిసి నర్సింహను ముందుకు తోశారు. యాచారం నుంచి వచ్చే నర్సింహ సపోర్ట్ టెక్నీషియన్. రైతుల ఫోన్లకు జవాబు చెప్పడం అతని పని. ఎవరి గొంతయినా ఇట్టే పట్టేస్తాడు. పెద్ద సారు అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. నర్సింహ ఎవరిదో కోటు తొడుక్కుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించి, అచ్చం ఆయనలాగే రెండుసార్లు దగ్గాడు.

“మన కంపెనీ ఒక కుటుంబం. కుటుంబమంటే మా కుటుంబమే. నా తర్వాత ఎవరని అడుగుతున్నరు. మంచోని కోసం దేశమంతా దేవులాడిన. ఆఖరికి మా ఇంట్లనే, అన్నం తినుకుంట దొరికిండు.”

హాలంతా ఒకటే నవ్వు. నాకైతే నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. నవ్వుతూనే ఫోన్‌లో వీడియో తీసి, నలుగురు స్నేహితులున్న గ్రూపులో పెట్టాను. సుజాత మేడం మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లారు.

రెండు రోజుల్లో ఆ వీడియో డీలర్ల దాకా పోయింది. అదే వారం, అల్లుడే కొత్త ఎండీ అని ప్రకటన వచ్చింది. డీలర్లు ఫోన్లు చేసి మరీ నవ్వారట. పెద్ద సారు నన్ను పిలిపించారు.

“వాన్ని పంపియ్యి. కాయిదాలు సక్కగ ఉండాలె,” అన్నారు.

నర్సింహను సస్పెండ్ చేసి చార్జిషీట్ రాశాను. ఉద్యోగి మీద ఆరోపణలను రాతపూర్వకంగా ఇచ్చే కాగితం అది. మొదటి ఆరోపణ, యాజమాన్యాన్ని అవమానించడం. రెండోది, వీడియో తీయించి బయట ప్రచారం చేయడం. మొదటిదానికి హెచ్చరికతో సరిపోతుంది. ఉద్యోగం పోయేది రెండోదానితోనే. అది అబద్ధమని నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా సంతకం చేశాను. అప్పుడు మా ఆయనకు పని లేదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

చార్జిషీట్ తర్వాత డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే కంపెనీ లోపల జరిగే విచారణ. బయటి నుంచి వచ్చిన ఒక వకీలు విచారణాధికారి. యాజమాన్యం తరఫున మాట్లాడాల్సింది నేను. నర్సింహకు తోడుగా తోటి ఉద్యోగి ఒకరు కూర్చోవచ్చు. ఎవరూ రారనుకున్నాను. సుజాత మేడం వచ్చి అతని పక్కన కుర్చీ లాక్కున్నారు.

“సార్ మీద కోపంతోని చెయ్యలే,” అన్నాడు నర్సింహ. “అందరు అనుకునేదే సారు గొంతుల చెప్పిన. వీడియో సంగతి నాకు ఎరుక లేదు.”

మేడం నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

“అరుణా, వీడియో నర్సింహనే ప్రచారం చేసిండని రాసినవ్ కదా. తీసింది ఎవరు?”

వకీలు కలం ఆపి చూస్తున్నాడు. తెలియదంటే సరిపోయేది. నర్సింహ తల వంచుకుని బల్లనే చూస్తున్నాడు. మేడంకు ముందే తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

“నేనే తీసిన,” అన్నాను. “గ్రూపుల పెట్టింది గూడ నేనే.”

సాయంత్రం పెద్ద సారు పిలిచారు. ఆయన ముందు ఫోన్‌లో అదే వీడియో ఉంది.

“నువ్వు గూడ నవ్వినవా?”

“నవ్విన సార్.”

“అందరు నవ్విన్రా?”

“సుజాత మేడం నవ్వలే.”

ఆయన వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశారు. “దగ్గుడు గూడ నా లెక్కనే దగ్గిండు,” అన్నారు చివరికి. “ఇగ పో.”

రెండో ఆరోపణ కొట్టేశారు. నర్సింహ హెచ్చరికతో బయటపడ్డాడు. నన్ను హెచ్‌ఆర్ నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. అల్లుడు ఎండీ కుర్చీలో కూర్చున్నాడు. సుజాత మేడం మూడు నెలల నోటీసు ఇచ్చి, ఆ మూడు నెలలూ అతనికి పని నేర్పి వెళ్లిపోయారు.

నర్సింహను మళ్లీ విధుల్లోకి తీసుకుంటున్నట్లు ఇచ్చిన ఉత్తర్వే అక్కడ హెచ్‌ఆర్‌లో నా ఆఖరి కాగితం. దాన్ని చదువుకుని అతను అడిగాడు.

“అక్కా, ఆ చార్జిషీట్ రాసేటప్పుడు నేను యాదికి రాలేదా?”

“వచ్చినవ్,” అన్నాను. “అయినా రాసిన.”

అతను సంతకం పెట్టి, తన కాపీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు వేరే కంపెనీలో మళ్లీ హెచ్‌ఆర్‌లోనే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకు చార్జిషీట్ రాయడం నేర్పేటప్పుడు, నిబంధనల కన్నా ముందు ఒక మాట చెబుతాను. అందరితో కలిసి మీరూ నవ్విన విషయం మీద ఆరోపణ రాసే హక్కు మీకు లేదు. అక్కడ మీరు సాక్షి మాత్రమే. నేను ఈ పాఠం నేర్చుకున్నాను గానీ, దాని మూల్యం నర్సింహ చెల్లించాడు. నేనింకా స్టోర్స్‌లో ఉండగా జరిగిన మరుసటి వార్షికోత్సవంలో అందరూ ఎంత బతిమాలినా అతను లేవలేదు. గొంతు బాగాలేదన్నాడు.