ఎర్తు పిన్ను, బాబాయి వైద్యం

దమ్మపేటలో మొదటి కంప్యూటర్ మా ఇంటికే వచ్చింది. ఆన్ చేస్తే చాలు, షాక్ కొట్టకుండా పెట్టించిన ట్రిప్ స్విచ్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోంది. ఈ రోజు ఒక్కొక్క వైరే తీసి చూసి, లోపం కంప్యూటర్ డబ్బాలోని పవర్ సప్లైలోనే ఉందని తేల్చాను. నేను మంచినీళ్లు తాగి వచ్చేలోపు బాబాయి ప్లగ్గులో, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తు పిన్నును ఊడబీకేశాడు.

"సూడురా, ఇప్పుడు పడ్తలేదు."

నిజమే, కంప్యూటర్ నడుస్తోంది. డబ్బా మీద చెయ్యి వేశాను. నాకు షాక్ కొట్టింది, స్విచ్ మళ్లీ పడింది.

"చెప్పులేసుకొని ముట్టుకోవాలె. గంత కూడ తెల్వదా?" అన్నాడు.

కంప్యూటర్‌కు దుమ్ము పడదని గుమ్మం బయటే అందరి చెప్పులూ విప్పించేది ఆయనే. ఎర్తు పిన్ను చేయాల్సిన పని ఇవాళ నా ఒట్టి కాళ్లు చేశాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఉంటే, ఎలా వేగుతున్నారో కాస్త రాయండి.