నూకరాజు బీటు

రాయపూర్ రైల్వే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. నా పేరు సూర్యారావు. నాకు ముక్కు మీద కోపమని పేరుంది, అది నిజమే. దరఖాస్తు రాయడంలో నన్ను మించినవాడు ఈ ఊరి తెలుగువాళ్ళలో లేడని కూడా పేరుంది, అదీ నిజమే. నూకరాజు సంగతి చెప్పాలంటే ఈ రెండో పేరు గురించి కూడా చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ పేరు చూసుకుని మిడిసిపడే నేను ఆ కుర్రాడి బతుకు దాదాపు పాడుచేశాను.

నూకరాజు మా ఆఫీసులో మంచినీళ్ళిచ్చే దాలమ్మకి మేనల్లుడు. దాలమ్మది శ్రీకాకుళం వైపు. పిల్లలు లేరు. రైల్వేలో పనిచేసే భర్త పోయాక ఆమెకి ఆ ఉద్యోగం ఇచ్చారు. భన్‌పురి దగ్గర రైల్వే కాలనీలో ఒంటిగది క్వార్టరు. ఆమె అన్న అచ్చయ్య విజయనగరం లైన్లో, బాగ్‌బాహ్రా దాటాక అడవి మధ్యలో కీమాన్. కీమాన్ అంటే రోజూ తన బీటులోని పట్టాల వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తితో బిగించుకుంటూ పోయేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరో మనిషి ముఖం కనపడదు. ఇప్పచెట్లు, ఎలుగుబంట్లు, ఎప్పుడో ఒక రైలు. ఆ పోస్టింగు వచ్చినవాడు ఏడుస్తూ వెళ్ళేవాడు. వెళ్ళిన నెలలోనే బదిలీ కోసం నా ముందు వచ్చి కూర్చునేవాడు.

అచ్చయ్య మాత్రం రాలేదు. భార్య పురిట్లో పోతే పిల్లవాడిని అక్కడే, పట్టాల పని చేసే గ్యాంగువాళ్ళ గుడిసెలో పెంచుకున్నాడు. 1974లో జ్వరం తలకెక్కి, రాయపూర్ తెచ్చేలోపే ప్రాణం పోయింది. దినవారాలయ్యాక, సామాను తెచ్చుకుంటానని వెళ్ళిన నూకరాజు మరి తిరిగి రాలేదు. వాడికప్పుడు పద్నాలుగేళ్ళు. గ్యాంగువాళ్ళంతా స్టేషను దగ్గర కట్టిన కొత్త క్వార్టర్లకి మారిపోవడంతో పాత గుడిసె ఖాళీగా ఉంది. అందులో ఒక్కడే ఎనిమిది నెలలున్నాడు. వాగులో చేపలు, అడవిలో దుంపలు, తునికి పళ్ళు, గ్యాంగువాళ్ళు జాలిపడి ఇచ్చిన బియ్యం. దాలమ్మ రెండుసార్లు వెళ్తే, ఆమె రావడం దూరం నుంచే చూసి చెట్లలోకి వెళ్ళిపోయాడు. మూడోసారి గ్యాంగువాళ్ళు పట్టుకుని రైలెక్కించారు.

రాయపూర్‌లో వాడేమీ అల్లరి చెయ్యలేదు. అల్లరి చేస్తే బాగుండేది, నాలుగు తగిలించి దారిలో పెట్టేవాళ్ళం. స్కూలుకి వెళ్ళమంటే వెళ్ళేవాడు. పెట్టింది తినేవాడు. గదిలో మాత్రం పడుకునేవాడు కాదు, వానలో కూడా వరండాలోనే. ఆదివారం నాడు తెలీబంధా చెరువు దాకా నడిచి వెళ్ళి, దుకాణాలవైపు వీపు పెట్టి కూర్చుని వచ్చేవాడు. ఉన్నట్టుండి ఒకరోజు కనపడేవాడు కాదు. గూడ్సు బండెక్కి అడవికి వెళ్ళిపోయేవాడు. దాలమ్మ సెలవు పెట్టి వెళ్ళి తెచ్చుకునేది. మూడేళ్ళలో ఇలా ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టడం మానేశాను.

"ఆడికి నానంటే ఇష్టం నేదేటో బాబూ," అంది ఒకసారి, గ్లాసు నా బల్లమీద పెడుతూ. "ఇష్టం నేకపోతే నేదు. నాను పోతే ఆడి నోట్లోకి ముద్దెలా ఎల్తాది? అచ్చన్న ఉజ్జోగం ఆడి సేతిలో పడితే నాకింకేటీ ఒద్దు."

సర్వీసులో ఉండగా చనిపోయినవాడి కొడుక్కి పద్దెనిమిది నిండాక ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉంది. గడువులోగా వచ్చి చేరకపోతే ఆ హక్కు పోతుంది. అందుకని 1978లో, వాడికి ఇంకా ఆర్నెల్లు తక్కువుండగానే దరఖాస్తు రాశాను. నా దరఖాస్తులన్నిటికీ ఆఖరున ఒకే వాక్యం ఉండేది: నా మీద ఆధారపడినవారు ఇక్కడే ఉన్నందున రాయపూర్‌లోనే పోస్టింగు ఇప్పించ ప్రార్థన. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. ఎవరినీ అడిగి రాయలేదు, అడగాల్సిన పనేముంది? ఊళ్ళో పోస్టింగు వద్దనే రైల్వేవాడు ఎక్కడైనా ఉంటాడా? నూకరాజు సంతకం చేశాడు. మైనరు గనుక దాలమ్మ వేలిముద్ర వేసింది.

వందమంది తిరిగినా రానిది, వీడికి వచ్చింది. రాయపూర్‌లోనే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఖలాసీ, అంటే సహాయ కూలీ పని. పద్దెనిమిది నిండిన రోజు నుంచి నెలలోపు చేరాలి. దాలమ్మ ఆఫీసంతా తిరిగి పేడాలు పంచింది. నేను రెండు తిన్నాను. మూడోనాడు నూకరాజు లేడు.

దాలమ్మ ముఖం చూడలేకపోయాను. ఈసారి నేనూ వస్తానన్నాను. నిజం చెప్పొద్దూ, జాలితో కాదు, ఒళ్ళు మండి. పొద్దున్నే పాసింజరెక్కి, మధ్యాహ్నానికి ఆ చిన్న స్టేషన్లో దిగాం. అక్కణ్ణుంచి పట్టాల వెంట నడక. చెప్పులు కంకరలో జారుతుంటే ఒక్కో అడుగుకీ వాడిని ఒక్కో తిట్టు తిట్టుకుంటూ నడిచాను.

వాడు పట్టాల మీదే ఎదురొచ్చాడు. చేతిలో సుత్తి. వెనకాల, అచ్చయ్య తర్వాత ఆ బీటుకి వచ్చిన కీమాన్, మోకాళ్ళు వాచిన ఛత్తీస్‌గఢీ ముసలాయన, కుంటుతూ వస్తున్నాడు. నూకరాజు ఒకచోట ఆగి కీ మీద సుత్తితో చిన్నగా తట్టి, చప్పుడు విని, రెండు దెబ్బలు గట్టిగా వేసి ముందుకు నడిచాడు. మమ్మల్ని చూసి పారిపోలేదు. రాయపూర్‌లో మూడేళ్ళు నేను చూసిన వంగిన భుజాలవాడు వీడేనా అనిపించింది.

"కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు," అన్నాను. "ఆ పోస్టింగు కోసం పిల్లలుగలవాళ్ళు పదేళ్ళుగా కాళ్ళావేళ్ళా పడుతున్నారు. నీకు ఊరికే వస్తే కాలదన్నుతావా?"

"ఉజ్జోగం ఒద్దని నాననేదు బాబూ," అన్నాడు. "మా నాయిన ఉజ్జోగం ఇత్తారనుకున్నాను. కాయితం మీద ఆ షాపు పేరుంది."

"మరి సంతకం పెట్టే రోజు చెప్పలేకపోయావా?"

"నన్నెవులూ అడగనేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఆఖరి వాక్యం రాసింది నేను. ముసలి కీమాన్ కూడా అప్పుడే అందుకున్నాడు. తనకి బదిలీ కోసం రెండేళ్ళుగా అర్జీలు పెట్టుకుంటున్నాడట. బదులు వచ్చేవాడు ఒక్కడూ లేక ఆఫీసు వదలడం లేదట. ఈ లడ్కా వస్తే తన కాళ్ళు బతుకుతాయన్నాడు.

దాలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. గుడిసె ముందు చతికిలబడింది. లోపల అంతా శుభ్రంగా ఊడ్చి ఉంది.

"ఇక్కడే కదరా మీ నాయిన జొరంతో పడున్నాడు. మూడ్రోజులు నువ్వొక్కడివే నీల్లు పోసినావు. రేపు నీకొస్తే ఎవులు పోస్తారు?"

"టేషన్లో ఫోనుంది, గ్యాంగోలున్నారు," అన్నాడు వాడు. సుత్తి కింద పెట్టి, "అత్తా, షాపులో నాను బతకలేను. నిన్ను ఏడిపించాలని కాదు. అక్కడ ఊపిరాడదు నాకు," అన్నాడు. వాడి నోట అంత పొడుగు మాట వినడం నాకు అదే మొదలు.

తిరుగు రైల్లో దాలమ్మ ఏడుస్తూనే ఉంది. నేను ఉన్న సంగతి చెప్పాను. వాడికి పద్దెనిమిది నిండడానికి ఇంకా మూడు వారాలుంది. నిండాక వాడే పెట్టుకుంటాడులే అని ఆగితే, మిగిలే నెలలో కాగితం కదలదు. పోస్టింగు మార్చమని ఇప్పుడే అడగాలంటే వేలిముద్ర నువ్వే వెయ్యాలి. నువ్వు వెయ్యకపోతే గడువు దాటి ఉద్యోగం పోతుంది. వేస్తే ఉద్యోగం ఉంటుంది, వాడు అక్కడే ఉంటాడు. మళ్ళీ రాయపూర్‌కి మారాలన్నా, బదులు వచ్చే మనిషి దొరకడు.

"రాయండి బాబూ," అంది, మహాసముంద్ దాటాక.

ఇరవై ఏళ్ళలో నాకు కష్టమైన దరఖాస్తు అదొక్కటే. రాయపూర్ వద్దు, అడవి బీటు ఇప్పించ ప్రార్థన అని రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగు కాగితాలు చింపాను. పక్క బల్లవాడు చదివి, ఎండ దెబ్బ తగిలిందా అని నన్నడిగాడు. ఆఫీసరైతే ఎవరో బెదిరించి రాయించారనుకుని దాలమ్మని పిలిపించాడు.

"ఈ వేలిముద్ర నీదేనా?" అని హిందీలో అడిగాడు. "ఆ జంగిల్‌కి శిక్ష వేసి పంపిస్తాం మనుషుల్ని. నీ పిల్లవాడిని నువ్వే పంపమంటున్నావా?"

ఆమె తన హిందీలో, తెలుగు కలిపి చెప్పింది. "నాదే సాబ్. నా దగ్గర కట్టేసుకుంటే ఆడు నాకు దక్కడు."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని సంతకం చేశాడు. ముసలి కీమాన్ ఊళ్ళోకి వచ్చాడు, నూకరాజు సుత్తి, జెండాలు తీసుకున్నాడు. ఆ బీటులోనే వాడు ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు, ప్రమోషను ఇస్తామంటే గ్యాంగుతో కలిసి తిరగాలని వద్దన్నాడు. కాని నాకు గుర్తుండేది మొదటి ఏడాదే. చేరాక మూడు నెలలదాకా వాడి జాడ లేదు. దాలమ్మ ఆ మాట ఎత్తేది కాదు, నేనూ అడిగేవాణ్ణి కాదు. నా దరఖాస్తు ఆమెకున్న ఒక్క మనిషినీ దూరం చేసిందని మాత్రం రోజూ అనుకునేవాణ్ణి.

ఒక సోమవారం ఆమె గంట ఆలస్యంగా వచ్చింది. ఆఫీసు మొత్తం నా మీద పడి ఆమె ఏదని అడుగుతోంది. కనపడగానే విరుచుకుపడ్డాను.

"నూకరాజొచ్చినాడు బాబూ, ఛుట్టీ ఎట్టి," అంది. "రెండ్రోజులున్నాడు. ఇప్పుడే బండెక్కించి ఒస్తన్నాను. ఇన్నేల్లకి నాకు సెప్పి ఎల్లినాడు. మల్లీ నెల ఆకరున ఒస్తాడంట."