వందేళ్ల పూచీ

స్టూడియో ఆయన ఫొటోల సీడీని మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసిగాని ఎవరికీ ఇవ్వడు. "వందేళ్లుంటుందమ్మా, నాదీ పూచీ" అనడం ఆయనకు ఊతపదం. పన్నెండేళ్ల కిందట ఆ మాట నమ్మి తీసుకెళ్లిన ఒకావిడ నిన్న తిరిగొచ్చింది. చనిపోయిన కూతురి ఫొటోలన్నీ ఆ ఒక్క సీడీలోనే ఉన్నాయి. మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాడు. ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు.

"ఇంకో కాపీ తీయించుకోవాల్సిందమ్మా" అని నసిగాడు.

"మీరే అక్కర్లేదన్నారుగా అన్నయ్యా. మరి మీ పిల్లల ఫొటోలు ఎక్కడ దాచుకున్నారు?"

ఆయనకు అబద్ధం నోటికి రాలేదు. "రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టానమ్మా. కాగితం మీద ప్రింట్లు కూడా వేయించాను" అన్నాడు తల దించుకుని.

ఆవిడ పల్లెత్తు మాట అనకుండా వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనుకుంటూ ఆయన అక్కడే నిలబడిపోయాడు.