కన్నియమ్మ బిగించిన ఊయల కొక్కెం

ఇరవై రెండేళ్లు కన్నియమ్మ కాంక్రీటు మోసింది. స్లాబు వేసే రోజున నిచ్చెన మీద వరుసగా నిలబడి తట్టలు పైకి అందించే ఆడవాళ్లలో ఆమెదే పెద్ద గొంతు. మోకాళ్లు మొరాయించాక, పని మానుకుంటున్న మేస్త్రి రాజా తన బ్యాటరీ డ్రిల్లును ఆమెకు అమ్మాడు. ఆమె నెల రోజులు తన ఇంటి గోడనే జల్లెడ చేసింది. ఎర్రపొడి రాలితే ఇటుక, బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు. తర్వాత్తర్వాత పొడి చూడకుండా చప్పుడుతోనే పోల్చుకోగలిగింది. ఇప్పుడు వాషర్‌మెన్‌పేట్‌లో గోడ అలమరలకైనా కర్టెన్ రాడ్లకైనా ఆమెకే కబురు వెళ్తుంది.

ఆ బుధవారం కాంచన మనవరాలికి పేరు పెట్టే రోజు. పదకొండున్నరకు ముహూర్తం. తాను చిన్నప్పుడు ఊగిన పేము ఊయలలోనే బిడ్డను వేయాలని కాంచన కూతురు షాలిని పట్టుబట్టింది. హాలు పైకప్పుకి కొక్కెం బిగించడానికి ఎలక్ట్రీషియన్ మణిమారన్ వచ్చి, తన మెషీన్ ప్లగ్గు పెట్టేసరికి కరెంటు పోయింది. లైన్ల మరమ్మతు, రెండింటిదాకా రాదన్నారు. కాంచన కన్నియమ్మను పిలిపించింది.

కన్నియమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. కొబ్బరిచిప్పకు నడుమ బెజ్జం వేసి, పొడి మొహాన పడకుండా దాన్ని డ్రిల్లు బిట్టుకు గొడుగు తిరగేసినట్టు తొడిగింది. స్టూలెక్కి, మీటను సుత్తి గుర్తు వైపు తిప్పి మొదలుపెట్టింది. అంగుళం దిగిందో లేదో, చప్పుడు సన్నబడి కీచుమంది. వెంటనే ఆపేసింది.

"ఈడ లోపల ఇనప కమ్మి ఉండాది. దీన్ని కోస్తే స్లాబుకే చేటు. పక్కకి జరపాల" అంది.

"టైమవతా ఉండాది, కన్నియమ్మా" అంది కాంచన.

"ఊగేది పసిబిడ్డ, అక్కా. కొంచెం ఉండు."

ఆ బెజ్జాన్ని సిమెంటుతో పూడ్చి, జానెడు అవతల మళ్లీ పెట్టింది. బ్యాటరీ మీద చార్జి చూపే దీపాల్లో ఒక్కటే మిగిలింది. గట్టిగా నొక్కితే బిట్టు వేడెక్కుతుందని, తడవతడవకీ బయటికి లాగి పొడి రాలుస్తూ నిదానంగా తొలిచింది. కాసేపటికి మణిమారన్ తన మెషీన్ మూలన పెట్టేసి, వచ్చి స్టూలు పట్టుకున్నాడు. సైకిలు పంపుతో బెజ్జంలో పొడి ఊదింది కన్నియమ్మే, బిగించేకొద్దీ లోపల విచ్చుకునే కొక్కేన్ని దిగేసి స్పానర్ తిప్పిందీ తనే.

అప్పుడు కొక్కేనికి తాడు వేసి, రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకెత్తేసింది. కాంచన కెవ్వుమంది. డెబ్బై కిలోల కన్నియమ్మ హాలు మధ్యలో అటూ ఇటూ ఊగింది. కొక్కెం వెంట్రుకవాసి కదల్లేదు. షాలిని పురిటి కుట్లు పట్టుకుని మరీ నవ్వింది. మణిమారన్ కూడా సిగ్గుపడుతూ, తనకీ ఒకసారి ఊగాలని ఉందన్నాడు. ఊగాడు.

పదకొండున్నరకు బిడ్డను ఊయలలో వేశారు. రాశి అని చెవిలో మూడుసార్లు చెప్పారు. తొలి ఊపు నువ్వే ఊపమని కాంచన అంటే, కన్నియమ్మ చేతుల్లో బూడిదరంగు పొడి చూసుకుని తటపటాయించింది. షాలిని ఆ చేతినే పట్టి ఊయల మీద పెట్టింది.

పాయసం తింటుండగా ఫోను మోగింది. చూలై పేటలో ఎవరికో గోడకి టీవీ తగిలించాలట.

"సాయంత్రం వస్తా. ఇప్పుడు విందులో ఉండా" అని పెట్టేసి, కన్నియమ్మ ఇంకో గరిటె వడ్డించమని గిన్నె చాపింది.