ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లిన నా జూనియర్

ఈ రోజు నరసరావుపేట కోర్టులో నా కేసు పిలిచేసరికి చూసుకోవాల్సిన జూనియర్ లేడు. నేనేమో పక్క కోర్టులో వాదనలో ఉన్నాను. కేసు కాస్తా వాయిదా పడింది. పొలం తగాదా మీద నూజెండ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పెద్దాయన, "ఏందమ్మా, ఈసారీ ఇంతేనా?" అంటే ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

సాయంత్రం ఆఫీసుకొచ్చిన జూనియర్‌ను నిలదీశాను.

"మా లా కాలేజీలో ఇన్‌స్పెక్షన్ మేడం. క్లాసుల్లో పిల్లలెవరూ లేరని పాతోళ్లందర్నీ రమ్మన్నారు. నల్లకోటు తీసేసి బెంచీలో కూర్చున్నా. వచ్చినోళ్లు తలలు లెక్కపెట్టుకుని పోయారు."

"లాయరువై ఉండి మళ్లీ స్టూడెంటు వేషమా? సిగ్గనిపించలేదటయ్యా?"

వాడికి నా కోపం ఎక్కనే లేదు.

"క్లాస్‌రూమ్ చానా బాగుంది మేడం. నేను లోపలికెళ్లడం ఇదే మొదలు."

ఆ కాలేజీ పేరు మీదే మూడేళ్ల లా పూర్తి చేసి పట్టా తెచ్చుకున్నాడు మరి! ఫీజు కట్టడం, వేరే ఊరి సెంటర్‌లో పరీక్షలు రాయడం, అంతే. క్లాసు ముఖం చూడకుండానే నల్లకోటు వేసేశాడు.

"మీ లాయరు ఇవాళ కాలేజీకి వెళ్లాడు" అని ఆ పెద్దాయనకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో, మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.