వంటింట్లో కుదిరిన ఒప్పందం

స్వాతంత్ర్యానికి ముందు, నేను బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కు కొత్త కోడలిగా వచ్చిన ఎండాకాలం అది. ఊరివాళ్లు కోతుల్ని పట్టి మా కాలనీలో వదిలేవారు. మేం వాటిని గూడ్సుబండి ఎక్కించి పక్క ఊరు తిఫ్రా వైపు సాగనంపేవాళ్లం. తిఫ్రావాళ్లు మళ్లీ బిలాస్‌పూర్ ఊళ్లోకి తరిమేవారు.

చివరికి మునిసిపల్ అధ్యక్షుడు, తిఫ్రా పెద్ద, మా కాలనీ పెద్దయిన మామగారు మా వరండాలో కూర్చున్నారు. ఆ కోతులు మీవంటే మీవని వాదన ముదిరింది. నేను వేడి గారెల పళ్లెంతో గడప దాటానో లేదో, కోతుల దండు మీదికి దూకింది. పళ్లెం వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. నా వెనకే ముగ్గురు పెద్దలూ దూరి తలుపు మూసేశారు.

పొయ్యి దగ్గరున్న అత్తగారు వాళ్లను తేరిపార చూశారు. "అచ్ఛా, ఇప్పుడడగండి, బయటున్నవి ఎవరి కోతులో," అన్నారు మామగారితో.

ఆయన తలొంచుకుని అదే మాట మిగతా ఇద్దరు పెద్దల్నీ హిందీలో అడిగారు.

"మనవే," అన్నారు ఇద్దరూ.

ఊళ్ల పెద్దలు ఒక్కటయ్యారని ఎక్కడ విన్నా, నాకిప్పటికీ గారెల వాసనే వేస్తుంది.