రెండు బండ్లు, ఒకే చెయ్యి

బ్రేకక్క అని ఆమెకు పేరు పెట్టిందెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పాతికేళ్లుగా ఆమె కాలు దాని మీదే ఉంది. నేర్చుకునేవాడు ఎదురొచ్చే లారీని చూసి కళ్లు మూసుకున్నా, ఫోను మోగగానే స్టీరింగ్ వదిలేసి జేబు తడుముకున్నా, బండి ఆగేది ఆమె కాలి పుణ్యమే. అలవాటు ఎంతగా ముదిరిందంటే, సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు అందులో కారు మలుపు తిరిగినా ఆమె కాలు నేలను నొక్కుతుంది.

"ఏమోయ్, నేలకు గుంట పడేట్టుంది," అంటాడు భర్త. ఆయనది కళ్లద్దాల కొట్టు.

"పడితే పడనివ్వండి. వాడెవడో హారన్ కూడా కొట్టకుండా తిప్పేస్తున్నాడు," అంటుంది ఆమె.

ఇంత జాగ్రత్త గల మనిషి ఆదివారం పొద్దున్నే మరో మనిషైపోతుంది. మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ వెనక, ఇప్పుడెవరూ తిరగని సిమెంటు రోడ్డొకటి గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ రోడ్డు మీద ఆమె రిమోట్ పట్టుకుని ఒక బొమ్మకారును, కాదు, బొమ్మ అంటే ఆమెకు కోపం, ఒక చిన్న రేసుకారును తూటాలా వదులుతుంది.

ఆ కారు మొదట తమ్ముడిది. తమ్ముడు ఏసీ మెకానిక్కు. బజారులోకి కొత్త వస్తువేది వచ్చినా ముందు వాడింట్లో పెట్టె విప్పాల్సిందే, నెల తిరక్కుండా అది అటకెక్కాల్సిందే. మూరన్నర పొడవున్న ఆ కారు అటకదాకా కూడా రాలేదు. మొదటి వారమే ముక్కు పైకెత్తి గాల్లో పల్టీలు కొట్టి, గోడకు గుద్దుకుని ముక్కలైంది. "అక్కా, పారేస్తున్నా. చక్రాలేమైనా కావాలా?" అన్నాడు. ఆమె అన్ని ముక్కలూ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

దాన్ని బాగుచెయ్యడం ఆమెకెవరూ నేర్పలేదు. విప్పింది, చూసింది, మళ్లీ బిగించింది. ఒక మరమేకు మిగిలిపోతే మళ్లీ అంతా విప్పింది. వేగం పెరిగితే ముక్కెందుకు లేస్తోందా అని ఆలోచించి, పంక్చరు షాపులో పెద్ద కార్ల చక్రాలకు అంటించే సీసపు బిళ్లలు అడిగి తెచ్చి ముక్కు కింద అంటించింది. పరుగులో టైర్లు బుడగల్లా ఉబ్బిపోతుంటే లోపల గట్టి టేపు చుట్టింది. అయినా అది మంచి బుద్ధి గల బండి కాదు. ట్రిగ్గర్ ఒక్కసారిగా నొక్కితే గిర్రున తిరిగిపోతుంది. నెమ్మదిగా, క్లచ్ వదిలినట్టు, వేలు దిగుతూ ఉండాలి. కాస్త వేగం అందుకోగానే ఎడమకు లాగుతుంది. గాలి వీస్తే కుడికి జరుగుతుంది. రిమోట్ పక్కనున్న చిన్న చక్రాన్ని క్షణం కూడా వదలకుండా వెంట్రుకవాసి అటూ ఇటూ సర్దుతూ ఉండాలి. ఏళ్ల తరబడి ఆ సర్దుబాటు ఆమె వేళ్లకు ఊపిరి తీసుకున్నంత మామూలైపోయింది.

ఆదివారాలు అక్కడ చేరేవాళ్లు పదిమంది దాకా ఉంటారు. వాళ్లందరికీ పెద్దదిక్కు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక కారు కొనలేదుగానీ వేగం కొలిచే మీటరొకటి కొన్నాడు. రోడ్డు చివర మడతకుర్చీ వేసుకుని, ఆ మీటరు చేతపట్టుకుని, తీర్పు చెప్పే జడ్జిలా కూర్చుంటాడు. ఆ ఏడాది, దూరాన ఒక నగరంలో, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద, వేగం పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. ఒక్కో బృందం నుంచి ఒకే కారు, నడిపేది ఒకే మనిషి.

ఆ కబురు విన్న రోజు బ్రేకక్కకు అన్నం సయించలేదు. "ఏమైంది?" అని అడిగాడు భర్త.

"నేను ఇన్నేళ్లలో మూడో గేరు దాటలేదండీ," అంది. "రోజంతా మెల్లగా, మెల్లగా అనే పని. ఒక్కసారి, ఎవర్నీ ఆపకుండా, నేనూ ఆగకుండా చివరిదాకా నొక్కాలని ఉంది. ఆ పోటీకి నేనే వెళ్లాలి."

ఆయన నవ్వలేదు. "వెళ్దువుగానిలే," అన్నాడు.

సరిగ్గా ఆ వారమే తమ్ముడు పెద్ద అట్టపెట్టె భుజాన వేసుకుని దిగాడు. అదే కంపెనీ, అదే కారు, కానీ కొత్త రకం. అన్నాల బల్ల మీద బావగారి కంచం పక్కకు నెట్టి, దాన్ని పాత కారు పక్కన నిలబెట్టాడు.

"చూడక్కా! నీది బావ పాత సైకిల్లా లేదూ దీని పక్కన?"

"నా సైకిల్ జోలికి రాకు," అన్నాడు బావ, కంచం వెనక్కి లాక్కుంటూ.

బ్రేకక్క మాత్రం రెండు కార్లనూ వెల్లకిలా పడేసి చూస్తోంది. పాతదాని అడుగున అతుకులు, మరమేకులు, తన సీసపు బిళ్లలు. కొత్తదానికి అడుగంతా ఒకే రేకు. ముక్కు నేలను నాకుతున్నట్టు వెడల్పుగా, పల్చగా ఉంది. టైర్లలో పట్టీ ముందే వేసి పంపారు, ఇక ఉబ్బవు. మోటారు రెండింతలు లావు. "నేను ఏళ్లు పట్టి చేసుకున్నవన్నీ వాళ్లు పెట్టెలో పెట్టి ఇచ్చేశారు," అంది. అందులో అసూయ లేదు, మెచ్చుకోలే ఉంది. "మరి ఇదేంటిరా?" మోటారు పక్కనున్న అగ్గిపెట్టెలాంటి దాన్ని చూపించింది.

"అదే కదా అసలు కిటుకు! జైరో అంటారు. బండి పక్కకు జరిగితే చాలు, మన ప్రమేయం లేకుండా అదే స్టీరింగ్ తిప్పి తిన్నగా పెడుతుంది. నువ్వు కళ్లు మూసుకుని నొక్కడమే. పోటీకి నేనే వెళ్తున్నానని మాస్టారికి చెప్పేశాను కూడా."

ఆమె ముఖంలో దీపం ఆరిపోయింది. భర్త అది చూశాడు.

"ఎలా తేల్చావు బామ్మర్దీ, ఇదే మంచిదని?" అన్నాడు తీరిగ్గా.

"నిన్న నేను తోలాను కదా బావా! అక్క తన బండి మీద ఎప్పుడూ అందుకోనంత వచ్చింది."

"అంటే ఈ అద్దంలోంచి నువ్వు చూశావు, ఆ అద్దంలోంచి మీ అక్క చూసింది. నా కొట్లో అలా చూస్తే ఊరంతా గోడలకు గుద్దుకుంటారు. ఒకే కంటి ముందు అద్దాలు మార్చాలి. ఇది బాగుందా, ఇది బాగుందా అని అడగాలి. ఆ తర్వాత రెండో కంటికీ అదే పరీక్ష. అప్పుడుగానీ అద్దంలో తేడా ఏదో, చూపులో తేడా ఏదో తెలీదు."

బ్రేకక్క చటుక్కున తలెత్తింది. "అంతే! రెండు బండ్లూ ఇద్దరం తోలుదాం. ఏ చేతిలో ఏ బండి ఎక్కువ పోతే ఆ చెయ్యి, ఆ బండి పోటీకి వెళ్తాయి. భయమైతే చెప్పరా."

"నాకా భయం?" తమ్ముడు కాలరు ఎగరేశాడు. "నీ డొక్కు బండిని కూడా పరిగెత్తిస్తా చూడు."

ఆదివారం వచ్చింది. మాస్టారు పద్ధతి విని సంతోషంతో చేతులు రుద్దుకున్నాడు. "కొలతంటే ఇలా ఉండాలి. ఇన్నాళ్లూ మనం చేసింది కాలక్షేపం," అన్నాడు. రోడ్డు చివర పాత పరుపులు నిలబెట్టారు.

ముందు ఎవరి బండి వాళ్లు. తమ్ముడు కొత్తదాన్ని వదిలాడు. నొక్కడమే ఒక్కసారిగా నొక్కాడు. చక్రాలు కీచుమన్నాయి, బండి అటూ ఇటూ ఊగింది, జైరో దాన్ని చెవి పట్టుకుని దారిలో పెట్టింది. "గంటకు నూట యాభై ఒక్క కిలోమీటర్లు!" అని మాస్టారు కేకేశాడు. ఈలలు మోగాయి. బ్రేకక్క పాతది పట్టింది. దారంలా పోయింది బండి. నూట ముప్పై దాకా వచ్చి, ఇంకా నొక్కితే ముక్కెత్తుతానంది.

తర్వాత బండ్లు మార్చుకున్నారు. తమ్ముడు పాతదాని ట్రిగ్గర్ తన అలవాటు ప్రకారం ఠపీమని నొక్కాడు. అది ఉన్నచోటే బొంగరంలా తిరిగి, రోడ్డు పక్కన మొలిచిన గడ్డిలోకి దూరింది. రెండోసారి నొక్కితే సగం దూరం పోయి ముక్కెత్తి, గాల్లో మూడు మొగ్గలు వేసి వెల్లకిలా పడింది.

"ఇదేం బండే అక్కా! అడవి గుర్రం!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"పరిగెత్తిస్తానన్నావుగా! ఎగరేశావేం?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

కొత్త బండి రిమోట్ బ్రేకక్క చేతికొచ్చింది. వేలు నెమ్మదిగా దించింది. బండి ఎంత మెత్తగా కదిలిందంటే ఆమెకు ముచ్చటేసింది. సగం రోడ్డు దాటేసరికి బండి పిసరంత ఎడమకు జరిగింది. అలవాటుకొద్దీ వేలు కుడికి సర్దింది. అదే క్షణంలో జైరో కూడా కుడికి సర్దింది. ఒక సర్దుబాటు రెండయ్యింది. బండి కుడికి దూకింది. ఆమె ఎడమకు తిప్పింది, జైరో కూడా ఎడమకే తిప్పింది. బండి పాములా మెలికలు తిరిగి, అడ్డంగా జారి, పరుపులకు ఇవతలే ఆగిపోయింది. మాస్టారు మీటరు దించేశాడు. చెప్పడానికి ఆయన దగ్గర అంకె లేదు.

"పోనీలే అక్కా," అన్నాడు తమ్ముడు, నిజంగానే జాలిపడి. "నీకు పాతదే సరి. దీని పద్ధతి వేరు."

ఆమె ఫ్యాక్టరీ గోడ నీడలో కూర్చుని రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుంది. చివరగా ఒక్కొక్కరికీ నచ్చిన బండి మీద ఇంకో పరుగు మిగిలి ఉంది, అంతే. భర్త నీళ్లసీసా అందించి, పక్కన కూర్చున్నాడు.

"ఏవండీ," అంది. "నేర్చుకునేవాడు తిప్పుతున్నప్పుడు నేనూ స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుంది?"

"బండి గుంటలో పడుతుంది. నువ్వే చెబుతుంటావుగా."

"మరి వాడికి వచ్చేసిందని తెలిశాక నేనేం చేస్తాను?"

"కారు దిగి ఇంటికొస్తావు."

ఆమె లేచి నిలబడింది. ముఖం విప్పారింది. "నాకు తిప్పడం వచ్చు, ఇక దిగాల్సింది జైరోయే. ఒరేయ్ తమ్ముడూ! ఈ జైరోగాడు ఎంత సాయం చెయ్యాలో తిప్పే మీట ఎక్కడుందిరా?"

తమ్ముడు చూపించాడు. ఆమె దాన్ని తిప్పడం మొదలుపెట్టి ఆపలేదు. సున్నా దగ్గర అది టక్కుమంది.

"అక్కా, అంత వద్దే! పూర్తిగా తీసేస్తే బండి నీ చేతిలో ఉండదు!"

"ఇంతకుముందు ఎవరి చేతిలో ఉందట?"

"విరిగితే?"

"నీ మొదటి బండిని అతికించిందెవర్రా?"

మొదట తమ్ముడి వంతే. మీటను మళ్లీ పాత చోటికే తిప్పుకుని, గుండెనిండా గాలి పీల్చి నొక్కాడు. నూట యాభై మూడు. బాగానే పెరిగింది. కానీ బ్రేకక్క ఈసారి బండిని కాదు, వాడి వేలిని చూసింది. పరుపులు ఇంకా చాలా దూరం ఉండగానే ఆ వేలు భయపడి ట్రిగ్గర్ వదిలేసింది. బండిలో ఇంకా పరుగుంది, వాడిలో లేదు. బండి ఏం చేస్తోందో జైరోకు తెలుస్తోందిగానీ వాడి చేతికి తెలియడం లేదు. తెలియని వేగానికి ఎవరైనా భయపడతారు.

ఆమె గీత దగ్గరికొచ్చింది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. వేలు దిగడం మొదలైంది. చక్రాలు కీచుమనలేదు, ఊగలేదు. అంత లావు మోటారు గుక్క తిప్పుకోకుండా పాడినట్టు స్వరం పెంచుకుంటూ పోయింది. బండి ఎడమకు జరగబోయింది, వేలు సర్దింది. ఈసారి ఒక్క వేలే. గాలి వీచింది, మళ్లీ సర్దింది. పాత బండి పెట్టిన చాకిరీతో పోలిస్తే ఇదొక పనా! తమ్ముడు వేలు తీసేసిన చోటు వచ్చింది, దాటిపోయింది. ఆమె వేలు ఇంకా దిగుతూనే ఉంది, దిగి, అడుగు తగిలి, అక్కడే నిలిచింది. ట్రిగ్గర్‌కు అడుగంటూ ఒకటుంటుందని ఆమెకు తెలిసింది అప్పుడే. బండి ఆకారం పోయి గీతగా మిగిలింది. మాస్టారి ముందునుంచి వెళ్తుంటే ఆయన తెల్లజుట్టు లేచి మళ్లీ పడింది.

పరుపులకు తగలడానికి కాస్త ముందు ఆమె వేలు వదిలింది. బండి ఊపు తగ్గించుకుంటూ వెళ్లి పరుపును ముద్దుపెట్టుకున్నంత మెత్తగా ఆగింది.

మాస్టారు మీటరు వైపు చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు. కుర్చీలోంచి లేచాడు. "నూట అరవై ఏడు!" అన్న కేక ఫ్యాక్టరీ గోడకు తగిలి తిరిగొచ్చింది. "మన రోడ్డు మీద ఇంత ఎప్పుడూ లేదు! అమ్మాయ్, వెళ్లేది నువ్వే!"

జనం ఆమె చుట్టూ మూగారు. కళ్లద్దాల కొట్టాయన అందరికంటే గట్టిగా ఈల వేశాడు. ఈల వెయ్యడం ఆయనకొచ్చని పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు తెలియదు. తమ్ముడు పరిగెత్తుకెళ్లి బండిని పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. ముఖం కాస్త చిన్నబోయినా కళ్లు మాత్రం వెలుగుతున్నాయి.

"బండి నాదే కదక్కా! మరి నేనేం చెయ్యను?"

"బ్యాటరీలు మొయ్యి."

"మోస్తాలే. కానీ గెలిస్తే పాతదే మంచిదని ఊరంతా చాటవు కదా?"

"ఎందుకంటాన్రా? కొత్తదే మంచిది. నూటికి నూరుపాళ్లు మంచిది. పాతది నా దగ్గర ఉండబట్టి అది నాకు తెలిసింది."

మాస్టారు ఆయాసపడుతూ రోడ్డు ఆ చివర్నుంచి నడిచొచ్చాడు. మీటరు ఇంకా చేతిలోనే ఉంది, అంకె చెరిగిపోతుందేమోనన్నట్టు దాన్ని గుండెకు ఆనించుకుని ఉన్నాడు. "ఎలా అనిపించిందమ్మా?" అని అడిగాడు.

ఆమె చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి చూసింది.

"దాంట్లో ఇంకా ఉంది మాస్టారూ. రోడ్డే అయిపోయింది."

"ఆ రన్‌వే దీనికి నాలుగింతలుంటుందే," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

బ్రేకక్క అప్పటికే బ్యాటరీ విప్పి, రెండోది అందించమని తమ్ముడి వైపు చెయ్యి చాపింది.